గుడ్లగూబ చిత్రము - చూచువారి మాట
(సంఘ సాహిత్యగోష్ఠిలో చదివిన ప్రసంగపాఠము)



మహాభారతమున సౌప్తికపర్వములో ఒక గుడ్లగూబ కనిపించును. యుద్ధము ముగిసిన రాత్రి అశ్వత్థామ నిద్రపట్టక మఱ్ఱిచెట్టు క్రింద మేలుకొని యుండగా, ఆ చెట్టుపై నిద్రించుచున్న కాకులను ఒక గుడ్లగూబ చప్పుడు లేక వచ్చి చంపివేసెను. అతడు దానిని ఆసాంతము చూచెను. చూచి, నిద్రించువారిపై బడవచ్చునను పాఠము నేర్చుకొనెను. ఒక పక్షిని అంత శ్రద్ధగా గమనించి అంత చెడ్డ పాఠము నేర్చినవాడు మన వాఙ్మయమున మఱియొకడు లేడేమో! పంచతంత్రమున కాకోలూకీయము ఉండనే యున్నది. కణాదమహర్షికి ఉలూకుడను పేరు గలదు. ఆయన వైశేషికమును ఔలూక్యదర్శన మందురు. వంగదేశమున ఈ పక్షి లక్ష్మీదేవికి వాహనము. తెలుగునాట మాత్రము ఇంటిపై వ్రాలినచో అశుభమని తఱిమివేయుదురు.

ఇన్ని మాటలు పడిన పక్షిని తీరికగా చూచినవారు మాత్రము చాల తక్కువ. కారణము తెలిసినదే. అది మనము నిద్రించు వేళ మేల్కొని, మనము మేల్కొను వేళకు తొఱ్ఱలో దూరును. ఈ పక్షిని నలుగురును తీరికగా చూచునట్లు చేసినది కెమెరా. అయితే కెమెరా పట్టినంత మాత్రమున గుడ్లగూబ చిక్కదు. తీసినవాడు ఒకటి చూచును, చిత్రమును చూచువారు మఱియొకటి చూతురు. ఈ రెండు చూపులకు నడుమ జరుగు వ్యవహారమే నేటి ప్రసంగవిషయము.

ముందుగా పక్షి సంగతి. గుడ్లగూబ కన్ను మన కన్నువలె గుండ్రనిది కాదు, గొట్టము వంటిది. అది తన గుంటలో కదలదు. ప్రక్కకు చూడవలె నన్నచో తల యంతయు త్రిప్పవలసినదే. మన మెడలో 7 ఎముకలుండగా దాని మెడలో 14 గలవు. కావున అది తలను ఒక దిక్కునకు 270 డిగ్రీల వఱకు త్రిప్పగలదు. కన్నులు రెండును మనుష్యునకువలె ముఖమునకు ముందువైపున నుండును. ఛాయాగ్రాహకునికి ఇందువలన ఒక లాభమును, ఒక మోసమును గలవు. ఏ పక్షికిని లేని ముఖవర్చస్సు గుడ్లగూబకు గలదు; ఇది లాభము. ఆ ముఖమును చూడగానే మనుష్యుల భావములను దానికి అంటగట్టుదుము, ఇది మోసము. కన్నులు విప్పార్చిన గుడ్లగూబ కోపముగా నున్నదనియో, గొప్ప జ్ఞానివలె నున్నదనియో మురిసిపోదుము. అది నిజముగా భయపడి యుండవచ్చునన్న ఊహయే తట్టదు.

ఈ విద్యలో మొదట చెప్పుకొనవలసిన పేరు ఎరిక్ హాస్కింగు. 1909లో లండనున పుట్టి 1991లో మరణించిన ఈ ఆంగ్లేయుడు పక్షుల చిత్రములు తీయుటనే జీవనోపాధిగా స్వీకరించెను. 1937 మే నెలలో వేల్సు సీమలోని డోల్డౌలాడ్ అను చోట టానీ ఔల్ అను గోధుమవన్నె గుడ్లగూబ గూటి కెదురుగా ఆయన ఎత్తైన మంచె కట్టించెను. దానిపై గుడారములో దాగి చిత్రములు తీయుట ఆయన పద్ధతి. ఒక రాత్రి చీకటిలో మంచె ఎక్కుచుండగా, పిల్లలుగల ఆ పక్షి ఎగిరివచ్చి ఆయన ముఖముపై కొట్టెను. గుడ్లగూబ రెక్కల అంచులు దువ్వెన పండ్లవలె చీలియుండుటచే గాలిని చప్పుడు కానీయవు. కావున దెబ్బ తగులువఱకు ఆయనకు ఏమియు వినిపించలేదు. గోరు ఎడమకంటిలో దిగెను. గాయము విషమించుటచే లండనులోని మూర్‌ఫీల్డ్సు కంటి ఆసుపత్రిలో ఆ కన్ను తీసివేయవలసి వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు.

మఱియొకరైనచో కెమెరాను అటకపై పెట్టియుందురు. హాస్కింగు కోలుకొని మరల గుడ్లగూబల కడకే పోయెను. 1970లో అచ్చయిన ఆయన స్వీయచరిత్రకు ‘యాన్ ఐ ఫర్ ఎ బర్డ్’ అని పేరు పెట్టెను. పక్షిని చూడనేర్చిన కన్ననియు, పక్షికి ఇచ్చివేసిన కన్ననియు రెండర్థములును ఆ పేరులో గలవు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆయన ఫిలిప్ హెన్రీ అను నాతని సాయముతో విద్యుత్ ఫ్లాష్ పరికరమును పక్షుల పనికి వాడనారంభించెను. అంతకు పూర్వపు ఫ్లాష్ బల్బుల వెలుగు ఎక్కువసేపు నిలుచుటచే ఎగురు పక్షి చిత్రము అలికినట్లయ్యెడిది. క్రొత్త పరికరపు మెఱుపు సెకనులో కొన్నివేలవ వంతు మాత్రమే యుండును. 1948లో ఆయన తీసిన బార్న్ ఔల్ చిత్రము జగత్ప్రసిద్ధము. రెక్కలు రెండును పైకెత్తి, ముక్కున చిట్టెలుక వంటి జంతువును కఱచుకొని, రాజముద్రికలోని పక్షివలె అది నిలిచియుండును. ఈ జాతి మన దేశమునను గలదు. పాత కోటలలో, గిడ్డంగులలో నివసించు తెల్లని గుడ్లగూబ అదియే.

అయితే పని అంతయు పరికరమే చేసినదనుట పొరపాటు. గుడారమును వాడువారు దానిని ఒక్కదినమున గూటి యెదుట నిలుపరు. మొదట దూరముగా వేసి, పక్షి దానికి అలవాటుపడిన కొలది దినదినము కొంచెము ముందునకు జరుపుదురు. పక్షి గూటికి రాకున్నచో వెనుకకు తీయుదురు. అనగా చిత్రమునకు మొదటి విమర్శ చేయునది పక్షియే. అది మాటలతో చెప్పదు. రాకపోవుట యొకటి, ఎగిరిపోవుట యొకటి, రెప్పవేయక చూచుట యొకటి దాని భాష. ఆ భాష రానివానికి తక్కిన విమర్శకులు ఎంత చెప్పినను ప్రయోజనము స్వల్పము.

ఇక మనుష్యుల విమర్శ. ఇంగ్లండులో 1899లో జువలాజికల్ ఫొటోగ్రాఫిక్ క్లబ్ అను సంఘము ఏర్పడినది. ఈ సంఘమువారి పద్ధతి విన్నచో మన సెక్రటేరియటు ఉద్యోగులకు నవ్వు రాక మానదు. సభ్యులు తాము తీసిన చిత్రములను ఒక పెట్టెలో పెట్టి తపాలాలో పంపుదురు. పెట్టె ఒకరి నుండి మఱియొకరికి చుట్టు తిరుగును. ప్రతి సభ్యుడును తక్కినవారి చిత్రములపై తన అభిప్రాయమును వెంట నున్న పుస్తకములో వ్రాసి ముందునకు సాగనంపును. మన ఫైలునకును దీనికిని భేదమేమి? అదే కవరు, అదే నోటింగు, అదే ‘చూచితిమి’. భేదము ఒక్కటే గలదు: అచ్చట నోటింగు వ్రాయువారు చిత్రమును నిజముగా చూతురు!

పరిహాసమునకేమి గాని, వ్రాతమూలకమగు విమర్శకు ఒక సుగుణము గలదు. ఎదురుగా కూర్చుండి చెప్పునపుడు మర్యాద అడ్డు వచ్చును. ‘బాగున్నదండీ’ అనుటతో సరిపోవును. కాగితముపై వ్రాయునపుడు ‘ఎడమకంటిలో పదును లేదు, కొమ్మ తలకు కొమ్ములవలె మొలిచినది’ అని వ్రాయవలసివచ్చును. అట్టి వ్రాతయే పనికివచ్చునది.

ఒక ఉదాహరణము తీసికొందము. ఢిల్లీలో ఒక ప్రభుత్వ కాలనీ. క్వార్టర్ల వెనుక పాత వేపచెట్టు. దాని తొఱ్ఱలో పైడిగంటెల జంట. పైడిగంటె యనగా మన ఊళ్ళలోను, ఢిల్లీ తోటలలోను తఱచుగా కనిపించు చిన్న గుడ్లగూబ. పొడవు సుమారు 21 సెంటీమీటర్లు, తలపైనను వీపుపైనను తెల్లని చుక్కలు, పసుపుపచ్చని కన్నులు. ఆ క్వార్టర్లలో నివసించు ఒక యువోద్యోగి 500 మిల్లీమీటర్ల లెన్సు కొనెననుకొనుడు. సాయంకాలము ఆఫీసు నుండి వచ్చి, చెట్టునకు 8 మీటర్ల దూరమున నిలిచి, చీకటి పడు వేళ పది పదునైదు చిత్రములు తీసెను. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై అన్నియు అద్భుతముగా కనిపించెను. పెద్దవిగా అచ్చు వేయించి ముగ్గురికి చూపెను.

మొదటివాడు ఛాయాగ్రహణము తెలిసిన సహోద్యోగి. అతని మాట: ‘ఒక కన్నే స్పష్టముగా నున్నది, రెండవది అలికినది.’ రెండవవాడు కాలనీ తోటమాలి. అతడు చిత్రమును చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచి, ‘చీకటిలో తీయుట యెందుకు బాబూ, చలికాలము ప్రొద్దుట తొఱ్ఱ వాకిట ఎండ కాచుకొనుచు గంటసేపు కూర్చుండును గదా’ అనెను. మూడవది ఆయన కూఁతురు, ఏడేండ్ల పిల్ల. ‘నాన్నా, ఈ పిట్ట మనల్ని చూసి భయపడిందా?’ అని అడిగెను.

ముగ్గురును చెప్పినది ఒక్కటే యని ఆ యువకునికి వెంటనే తోచదు. మొదటి మాట లెన్సును గూర్చినదిగా, రెండవది వేళను గూర్చినదిగా, మూడవది పిల్లతనముగా తోచును. మొదటిది లెక్కవేసి చూతము. 500 మిల్లీమీటర్ల లెన్సును దాని పెద్ద కంతతో, అనగా ఎఫ్ 4 వద్ద, 35 మిల్లీమీటర్ల ఫిల్ము పరిమాణముగల కెమెరాతో 8 మీటర్ల దూరమున వాడినచో స్పష్టముగా వచ్చు లోతు సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. ఆ లోతులోనే ముక్కు, కన్ను, చెంప అన్నియు ఇమిడిపోవలెను. పక్షి తల కొంచెము ప్రక్కకు త్రిప్పి, ఆపై ఆ ఆరు సెంటీమీటర్లలో ఒక మూల మాత్రమే గుఱి కుదిరినచో దూరపు కన్ను జాఱిపోవును. మసకచీకటిలో కంతను చిన్నదిగా చేయుట కుదరదు. షట్టరు వేగము తగ్గించినచో, భయపడిన పైడిగంటె తలను పైకి క్రిందకి ఊపు అలవాటు గలది గనుక, ముఖమంతయు అలుకుకొనిపోవును.

ఇప్పుడు అదే యువకుడు 8 మీటర్ల నుండి 16 మీటర్లకు వెనుకకు జరిగెననుకొనుడు. దూరము రెండింతలైనచో స్పష్టత లోతు రెండింతలు కాదు, నాలుగింతలగును. ఆరు సెంటీమీటర్లు ఇరువదినాలుగగును. పక్షి యంతయు అందులో పట్టును. చిత్రములో పక్షి పరిమాణము సగమగును, అది నిజమే. కాని నేటి కెమెరాలలో ఆ సగము నుండియు చక్కని ముద్రణ తీయవచ్చును. పైగా తొఱ్ఱ, బెరడు, పసుపుపచ్చబాఱిన ఆకు, అన్నియు చిత్రములోనికి వచ్చును. అన్నిటికంటె ముఖ్యము, పక్షి కన్నులు మూతపడును! పగటివేళ విశ్రమించు గుడ్లగూబ కన్నులు సగము మూసి యుండవలెను. రెండు కన్నులును పళ్ళెములవలె విప్పి కెమెరా వంకనే చూచుచున్నచో, అది మనుష్యుని గూర్చి ఆందోళన పడుచున్నదని అర్థము. పిల్ల అడిగినది దానినే. తోటమాలి చెప్పిన ప్రొద్దుటి యెండలో కంతను తగ్గించుటకును, షట్టరును సెకనులో 500వ వంతునకు తెచ్చుటకును వీలగును. పదును లేకపోవుట, వెలుతురు చాలకపోవుట, బెదిరిన చూపు - ఈ మూడును మూడు దోషములు కావు. చెట్టు దగ్గర నిలిచిన మనుష్యుడు ఎక్కువ దగ్గరగా, తప్పు వేళలో నిలిచెనను ఒక్క దోషమునకు అవి మూడు గుర్తులు.

విమర్శను వినుటలో మెలకువ యిదియే. చూచువారు తమకు తోచిన మాట చెప్పుదురు, కారణము చెప్పలేరు. వారి మాటలన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి మూలము వెదకుట తీసినవాని పని. కొందఱు విమర్శను కంప్యూటరులో దిద్దుకొందురు. పదును పెంచి, నీడలు తేల్చి, కొమ్మను తుడిచివేసి, ఫలానావారు చెప్పినవన్నియు సరిచేసితిమని తృప్తిపడుదురు. బెదిరిన కన్నును మాత్రము ఏ యంత్రమును మూయలేదు.

ఇంతవఱకు చెప్పినది అందమును గూర్చినది. ఒక్కొక్కప్పుడు గుడ్లగూబ చిత్రముపై చేయు విమర్శ ఒక జాతి యున్నదా, నశించినదా యను ప్రశ్ననే తాకును. 1872లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు అడవిలో ఎఫ్. ఆర్. బ్లూయిట్ అను ఉద్యోగి ఒక చిన్న గుడ్లగూబను సేకరించెను. 1873లో హ్యూమ్ దానిని క్రొత్త జాతిగా వర్ణించి బ్లూయిట్ పేరు పెట్టెను. ఈ హ్యూమ్ మనకు తెలియని వాడు కాడు. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పాటుపడిన ఎ. ఓ. హ్యూమ్ ఆయనయే. దానిని అడవి పైడిగంటె యందము. 1884 తరువాత అది ఎవరికిని చిక్కలేదు. 1914లో గుజరాతున సేకరించితినని మైనర్ట్‌జాగెన్ అను సైనికాధికారి ఒక నమూనాను చూపెను. అది మ్యూజియము నుండి దొంగిలించి క్రొత్త చీటీ కట్టిన పాత నమూనా యని పామెలా రాస్‌ముసెన్ అను అమెరికన్ పండితురాలును, ఆమె సహచరుడు నైజెల్ కాలరును తేల్చిరి. 1968 నాటివని చెప్పబడిన కొన్ని ఛాయాచిత్రములను ఈ పక్షివే యని కొందఱు పెద్దలు సయితము నమ్మిరి. తిరిగి శ్రద్ధగా పరిశీలించినవారికి అవి మామూలు పైడిగంటె చిత్రములని తెలిసినది.

రెంటికిని భేదమేమి? మామూలు పైడిగంటె తలపై తెల్లని చుక్కలు స్పష్టముగా నుండును. అడవి పైడిగంటె తలపై అవి ఇంచుమించుగా కనిపింపవు. మామూలుదాని పొట్ట క్రిందివఱకు గోధుమరంగు మచ్చలు గలవు. అడవిదాని రొమ్ము నిండు గోధుమరంగు, పొట్ట అడుగుభాగము తెల్లన. రెక్కలపైనను తోకపైనను పట్టెలు వెడల్పుగా నుండును, కాళ్ళు బలిష్ఠములు. ముఖము మాత్రమే నిండుగా తీసిన చిత్రము ఎంత సుందరమైనను ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు. ‘పొట్ట ఏదీ? నడినెత్తి ఏదీ?’ అని విమర్శకుడు అడిగినచో కళాహృదయము లేనివాడని కోపించుటకు వీలులేదు.

నమ్మదగని ఆధారములను తీసివేయగా మిగిలిన పాత చీటీల వెంబడి రాస్‌ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ ఆబట్ అను మువ్వురు బయలుదేరిరి. 1997 నవంబరు 25వ తేదీన మహారాష్ట్రలోని శహాదా దగ్గఱ పట్టపగలు ఒక చెట్టుపై వారికి ఆ పక్షి కనిపించెను. 113 సంవత్సరముల తరువాత అది బ్రదికియే యున్నదని తెలిసినది! ఈసారి తుపాకి అవసరము లేకపోయినది. వీడియోను, ఛాయాచిత్రములను తీసికొనిరి. నెత్తి, రొమ్ము, పొట్ట, పట్టెలు అన్నియు వానిలో విమర్శకు నిలిచినవి. పిమ్మట మేల్‌ఘాట్ అడవులలోను, ముంబయి సమీపమున తాన్సా అడవిలోను గూడ ఈ జాతి కనబడినది. 2018లో దీనిని అత్యంత అపాయస్థితి నుండి ఒక మెట్టు దింపి, అపాయస్థితిలో నున్న జాతిగా లెక్కించిరి.

ఛాయాచిత్రము పక్షికి మేలు చేయవలెననిన కొన్ని పనులు మానవలెను. రికార్డు చేసిన కూతను మాటిమాటికి వినిపించి పక్షిని పిలుచుట, ఎలుకను ఎరవేసి రప్పించుట, రాత్రి గూటి యెదుట ఫ్లాష్ వెలిగించుట - ఇవి పక్షిని అలసటకు గుఱిచేయును, గూడు విడిచిపోవునట్లును చేయవచ్చును. అందుచేతనే కొన్ని పోటీలవారు గూటి చిత్రములను స్వీకరింపరు. గుడ్లగూబలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ యిచ్చినను, దీపావళి దినములలో క్షుద్రపూజల నిమిత్తము వానిని పట్టి అమ్మువారు లేకపోలేదు. కనుక చిత్రము క్రింద చెట్టు చిరునామా వ్రాయుట మంచిదికాదు.

ఇచ్చట ఒక చిక్కు గలదు. చిరునామా దాచవలె నందుము. చెట్టును కాపాడవలెనన్నచో అది ఎక్కడనున్నదో అధికారులకు చూపవలె నందుము. 2018లో దక్షిణ ఢిల్లీలోని సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్ మొదలగు ఏడు ప్రభుత్వ కాలనీలను పడగొట్టి క్రొత్తగా కట్టు పథకమున వేలకొలది చెట్లను కొట్టబోగా, ఆ జూను మాసములో పౌరులు చెట్లను కౌగిలించుకొని నిలిచిరి. ఢిల్లీ హైకోర్టు ఆ పనిని తాత్కాలికముగా ఆపెను. ఆ కాలనీలు కేంద్రప్రభుత్వోద్యోగులవే. తొఱ్ఱ ఏర్పడుటకు చెట్టునకు ఎన్నో దశాబ్దములు కావలెను. పైడిగంటె తొఱ్ఱను త్రవ్వుకొనలేదు; ఉన్నదానిలో దూరవలసినదే. చెట్టునకు బదులు పది మొక్కలు నాటెదమన్న మాట దానికి ఉపయోగపడదు.

కావున పత్రికకో, గోడకో వేయు చిత్రము వేఱు, దాచియుంచవలసిన చిత్రము వేఱు. రెండవదానిలో పక్షి చిన్నదైనను ఫరవాలేదు. తొఱ్ఱ స్పష్టముగా నుండవలెను, చెట్టు మొదలు నుండి కొమ్మవఱకు కనబడవలెను, క్వార్టరు గోడ వెనుక నుండవలెను. తేదీ వ్రాసి యుండవలెను. అట్టి చిత్రము 16 మీటర్ల నుండి గూడ కుదరదు, ఇంకను వెనుకకు పోవలెను. ఢిల్లీలో పైడిగంటెలు ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వఱకు గ్రుడ్లు పెట్టి పిల్లలను సాకును. ఆ మూడు నెలలును చెట్టు దగ్గరకు పోక, ఎదుటి క్వార్టరు వరండాలో నిలిచి తీయవచ్చును. తోటమాలిని, ఇంటిలోని పిల్లలను వెంట నిలుపుకొన్నచో తొఱ్ఱ వాకిట పిల్లలు ఎన్ని తల లెత్తినవో లెక్క తప్పకుండ చెప్పగలరు.